స్టిక్కర్ గేటు దాటిస్తుంది, చోటు మాత్రం ఇవ్వదు: వర్సిటీ హాస్టళ్లలో, క్వార్టర్లలో బండి పెట్టుకోవడం గురించి

హైదరాబాద్ వర్సిటీల్లో అడ్మిషన్లు మొదలయ్యే రోజుల్లో సెక్యూరిటీ ఆఫీసు కిటికీ దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "సార్, స్టిక్కర్ ఉంది కదా, నా చోట్లో ఎవడో బండి పెట్టాడు." చోటు అతనిది కాదు. స్టిక్కర్ ఇచ్చినప్పుడు వర్సిటీ ఒప్పుకున్నది ఒక్కటే, ఈ నంబరు బండి రాత్రిపూట క్యాంపస్‌లో ఉండొచ్చని. ఏ చెట్టు కింద, ఏ షెడ్డులో అన్నది వేరే లెక్క. క్వార్టర్లలో అలాట్‌మెంట్‌తోపాటు గ్యారేజీ వచ్చినవాళ్లకు తప్ప, ముందొచ్చినవాళ్లదే చోటు.

స్టిక్కర్‌ను మూడు ముడులు కలిపి కట్టిన తాడు అనుకోండి. ఒక ముడి మనిషి, రెండోది బండి, మూడోది ఇల్లు, అంటే హాస్టల్ గది గానీ క్వార్టర్ గానీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా స్టిక్కర్ చెల్లదు. బండి అమ్మి ఇంకోటి కొన్నా, గది ఖాళీ చేసి బయట రూమ్ తీసుకున్నా, చదువు అయిపోయినా అంతే. గేటు దగ్గర జరిగే గొడవలన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి. స్టిక్కర్ మీద తేదీ ఇంకా ఉంటుంది, దాని వెనకున్న మూడింటిలో ఒకటి మాత్రం ఎప్పుడో తెగిపోయి ఉంటుంది.

ఎవరు ఎక్కడ అడగాలన్నది ముందు తేల్చుకోండి. హాస్టల్ విద్యార్థులకు సాధారణంగా వార్డెన్ సంతకం, ఆ తర్వాత చీఫ్ వార్డెన్ ఆఫీసు లేదా సెక్యూరిటీ విభాగం. క్వార్టర్లలో ఉండే అధ్యాపకులకు, సిబ్బందికి ఎస్టేట్ విభాగం ఇచ్చిన అలాట్‌మెంట్ ఆర్డరే మూలం. ప్రాజెక్టు సిబ్బందికి, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు నియామక ఉత్తర్వులో ఎంతవరకు గడువుందో స్టిక్కర్ కూడా అంతవరకే. ప్రాజెక్టు పొడిగించిన ఉత్తర్వు చేతికి రాకముందే పాత స్టిక్కర్ గడువు తీరుతుంది కాబట్టి, గైడ్ నుంచి తాత్కాలిక లెటర్ ఒకటి రాయించుకొని ఉంచుకోవడం మేలు. పెళ్లయిన పరిశోధకుల హాస్టల్లో ఉండేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. బండి భార్య పేరునో భర్త పేరునో ఉండి, గది ఇంకొకరి పేరున ఉంటే, పెళ్లి ధ్రువపత్రమో, ఇద్దరి పేర్లూ ఉన్న అలాట్‌మెంట్ కాగితమో జత చేయాలి.

హాస్టల్ విద్యార్థులకు అసలు బండే ఒప్పుకోని క్యాంపస్‌లూ ఉన్నాయి. మొదటి ఏడాదివాళ్లకు ఇవ్వనివి మరికొన్ని. ఊరినుంచి బండి తెచ్చుకునే ముందు హాస్టల్ నియమాల పుస్తకం ఒకసారి తిరగేయండి. తెచ్చాక గేటు బయట చాయ్ బండి పక్కన నెలల తరబడి పెట్టుకునే వాళ్ల కష్టం ఎవరికీ వద్దు.

ఆర్‌సీ మీద ఎవరి పేరుంది

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త విడమరచి చెప్పాలి.

విద్యార్థుల బండ్లు చాలావరకు నాన్న పేరునో, అన్న పేరునో, మామయ్య పేరునో ఉంటాయి. నాన్న పేరైతే పెద్ద చిక్కులేదు. అడ్మిషన్ రికార్డులో తండ్రి పేరు ఉంటుంది కాబట్టి, ఆయన ఆధార్ జిరాక్స్, "ఫలానా నంబరు బండిని మా అబ్బాయి వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని సంతకం చేసిన కాగితం చాలు. అసలు ఇబ్బంది పేరు రాసే తీరులో వస్తుంది. మన ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట వెనకుంటుంది. ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరంగా మిగులుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఆర్‌సీలో ఒక పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరే లేదు. కిటికీ అవతలి గుమాస్తాకు ఇవి ముగ్గురు మనుషులు. దరఖాస్తులోనే "ఆర్‌సీలో ఇలా, మెమోలో ఇలా, ఇద్దరూ ఒకరే" అని ఒక వాక్యం రాసి నాన్నచేత సంతకం పెట్టిస్తే రెండోసారి తిరగక్కర్లేదు.

అన్న, మామయ్య, స్నేహితుడి పేర్ల మీద ఉన్న బండ్లకు చాలాచోట్ల స్టిక్కర్ ఇవ్వరు. అది కక్షతో పెట్టిన నియమం కాదు. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దినా, దొంగ బండని తేలినా, వర్సిటీ చేతిలో ఉన్న కాగితం మీద పేరు ఒకటి, నడిపినవాడి పేరు ఇంకొకటి అవుతుంది.

సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లది మరీ పెద్ద కథ. సీనియర్ దగ్గర ఇరవై వేలకు యాక్టివా తీసుకుంటారు, డబ్బులిచ్చి తాళంచెవి పుచ్చుకుంటారు, ఆర్‌సీ మాత్రం ఆ సీనియర్‌కు అమ్మిన పాత ఓనరు పేరు మీదే ఉండిపోతుంది. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు ఫారం 29 మీద, కొన్నవాళ్లు ఫారం 30 మీద సంతకాలు చేసి ఆర్‌టీఏలో పేరు మార్పించుకోవాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లకు 30 రోజుల గడువుంటుంది. లోను మీద కొన్న బండైతే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 కూడా కావాలి. అప్పు తీర్చేసినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు కొట్టేయించని బండ్లు బోలెడు. డబ్బులిచ్చే ముందే కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, రిజిస్ట్రేషన్ గడువు ఎంతవరకు అన్నవి సాధారణంగా తెలుస్తాయి. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్లో బాకీ చలాన్లూ చూసుకోండి. చలాన్ బండి నంబరుకు పడుతుంది, బండితోపాటే మీ నెత్తికి వస్తుంది.

నంబర్ల గురించి ఇంకో మాట. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీజీ అని ఇస్తున్నారు. టీఎస్ నంబర్లను మార్చుకోనక్కర్లేదు, అవి అలాగే చెల్లుతాయి. ఏపీ 09 నుంచి 13 వరకు, 28, 29 అని ఉన్న పాత బండ్లు రాష్ట్రం విడిపోకముందు హైదరాబాద్, రంగారెడ్డిలో రిజిస్టర్ అయినవి. వాటిని చూసి వేరే రాష్ట్రం బండి అని ఆపితే, ఆర్‌సీలో ఏ ఆర్‌టీఏ ఉందో చూపించండి. ఈ పాతవాటికి ఉన్న చిక్కు వేరే. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన బండ్లకు ఆ గడువు తీరిపోయి ఉండాలి, లేదా తీరబోతూ ఉండాలి. ఆర్‌సీ మీద తేదీ చూడకుండా దరఖాస్తు పెట్టొద్దు.

నిజంగానే ఆంధ్ర నుంచో, కర్ణాటక, కేరళ నుంచో తెచ్చుకున్న బండికి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ వర్తిస్తుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు సొంత ఆర్‌టీఏ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఇక్కడ ఫారం 27, పైన లైఫ్ ట్యాక్సు. రెండేళ్ల పీజీకి వచ్చిన విద్యార్థికి ఇది ఖర్చుతో కూడిన పని. పాత బండి అయితే ఊళ్లోనే ఉంచేసి, ఇక్కడ టీఎస్ నంబరున్నది ఒకటి చూసుకోవడమే చౌక అని నా లెక్క.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు, కార్లకు మూడేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. కాగితం మీద ఐదేళ్లని కనబడుతుంది, స్టిక్కర్ కూడా వస్తుంది. కానీ మన బండికి జరిగే నష్టానికీ, దొంగతనానికీ ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఏడాదికే అయిపోతుంది. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి మాత్రమే. షెడ్డులోంచి బండి పోయినప్పుడు ఈ తేడా తెలిసి తల పట్టుకునే బదులు, పాలసీ కాగితంలో రెండు తేదీలూ వెతికి చూసుకోండి. బండి కొన్నప్పుడు పాలసీని కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. లేదంటే థర్డ్ పార్టీ భాగం నిలుస్తుంది గానీ, మీ సొంత నష్టం అడిగినప్పుడు "మీరెవరు?" అంటారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ బండి రిజిస్టరై ఏడాది దాటాక కావాలి. పెట్రోలు బంకు పక్కన ఆగే వ్యాన్లో ఐదు నిమిషాల పని. లైసెన్సు సంగతి ఇంటర్ అవ్వగానే చేరే పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్సు 50 సీసీలోపు బండికే. యాక్టివా అంతకు రెట్టింపు. 18 నిండని పిల్లలు నడుపుతూ దొరికితే 199ఎ సెక్షన్ కింద కేసు పడేది తల్లిదండ్రుల మీద, బండి ఓనరు మీద. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని చట్టంలో ఉంది. బర్త్‌డే గిఫ్టుగా ముందే కొనిపెట్టకండి.

డిజీలాకర్‌లో ఉన్న ఆర్‌సీ, లైసెన్సు అసలువాటితో సమానమే. అయినా కిటికీ దగ్గర జిరాక్స్ అడుగుతారు, ఎందుకంటే ఫైల్లో పెట్టాల్సింది వాళ్లు. డిజీలాకర్‌లోంచి ప్రింటు తీసి, దాని మీదే మీ సంతకం, రోల్ నంబరు, గది నంబరు రాసి ఇవ్వండి. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లలోపు చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు రిజిస్ట్రేషనే ఉండదు కాబట్టి ఆర్‌సీ కూడా ఉండదు. వాటికి కొన్న బిల్లు, దానిమీద ఛాసిస్ నంబరు చూపించాలి. బిల్లు పారేసుకుంటే మీదేనని రుజువు చేసుకోవడానికి ఇంకేమీ మిగలదు.

అతికించడం ఒక పని

స్టిక్కర్ చేతికొచ్చాక పర్సులో పెట్టుకొని తిరగడం, ట్యాంకు మీద అతికించడం, రెండూ తప్పే. కారుకు ముందు అద్దం లోపలివైపు, ఎడమ కింది మూలలో. ఫాస్టాగ్ మధ్యలో ఉంటుంది, దానిమీద పడకుండా చూడండి. టూవీలర్‌కు ముందు భాగంలో, గేటు దగ్గర దిగకుండానే కనిపించే చోట. ట్యాంకు మీదైతే పెట్రోలు చుక్కలకు సిరా కరిగిపోతుంది. మే నెల ఎండకు సగం ఊడి, తొలకరి వానకు పూర్తిగా పోతుంది. అతికించే ముందు పొడిగుడ్డతో తుడిచి, నీడలో పెట్టి, బుడగ రాకుండా ఒక చివరినుంచి వేలితో నొక్కుకుంటూ వెళ్లాలి. పైన పారదర్శక టేపు ఒకటి వేస్తే ఏడాది నిలుస్తుంది.

గేటు దానంతటదే తెరుచుకునే ఆర్‌ఎఫ్ఐడీ ట్యాగు అయితే సంగతి వేరు. ఇనుము మీద అతికిస్తే మామూలు ట్యాగు పలకదు. మడిస్తే లోపలి తీగ తెగుతుంది. ఒకసారి అతికించి పీకితే పనికిరాదు, అవి అలా తయారు చేసినవే. ఒక బండిదాన్ని ఇంకోదానికి మార్చకూడదనే ఆ ఏర్పాటు.

ఎక్కడ పెట్టాలి

క్యాంపస్‌ను బట్టి సమస్య మారుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట, దాదాపు 2,300 ఎకరాల్లో, స్థలానికి కొరత లేదు. కొరత హాస్టల్ మెట్లకు ఇరవై అడుగుల్లోపు స్థలానికే. అందరికీ అక్కడే కావాలి. ఉస్మానియాలో పరిస్థితి వేరు. తార్నాక నుంచి ఎన్‌సీసీ గేటు మీదుగా విద్యానగర్ వైపు వెళ్లే జనం క్యాంపస్ రోడ్లు వాడుకుంటారు, కాబట్టి హాస్టల్ ముందు ఆగిన బండ్లలో ఏది నివాసిది, ఏది దారినపోయేవాళ్లది అన్నది స్టిక్కర్ చూస్తే తప్ప తెలియదు. స్టిక్కర్ లేకపోతే మీరూ దారినపోయేవాళ్లలో ఒకరే.

ఇక్కడ చట్టం గురించి ఒక చిన్న పక్కదారి. క్యాంపస్ లోపల పోలీసు చలాన్ వేయకూడదని గట్టిగా వాదించేవాళ్లుంటారు. మోటారు వాహనాల చట్టం చూసేది గోడ ఉందా లేదా అని కాదు, ఆ దారిలో జనానికి వెళ్లే హక్కుందా లేదా అని. జనం రాకపోకలున్న రోడ్డు క్యాంపస్‌లో ఉన్నా బహిరంగ స్థలమే అవుతుంది. గేటు దగ్గర ఆపి పేరడిగి పంపే చోట మాత్రం వర్సిటీ నియమాలదే పెత్తనం. ఆ నియమాలకు బలం ఎక్కడిదంటే, దరఖాస్తు చివర చదవకుండా సంతకం పెట్టే హామీ పత్రంలోది.

కారు పెట్టడానికి గీసే గడి సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. స్విఫ్ట్ వెడల్పు 1.735 మీటర్లు, నడిమధ్య పెడితే రెండువైపులా చెరో 38 సెంటీమీటర్లు మిగులుతుంది. స్కార్పియో-ఎన్ 1.917 మీటర్లు, దానికి మిగిలేది చెరో 29 సెంటీమీటర్లే. పక్కపక్కన రెండు స్కార్పియోలు సరిగ్గా మధ్యలో పెట్టినా నడుమ రెండడుగులు కూడా ఉండదు. ఒకరు అడుగు అటు జరిపి పెడితే ఇంకొకరు డిక్కీలోంచి ఎక్కాలి. పాత క్వార్టర్లలో గ్యారేజీలు అంబాసిడర్లు, ఫియట్లు ఉన్న కాలంలో కట్టినవి కాబట్టి, పెద్ద బండి కొనేముందు గ్యారేజీ తలుపు వెడల్పు టేపుతో కొలుచుకోండి. అద్దాలు మడిచి కాదు, తెరిచి.

టూవీలర్లకు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు గడి వేసినచోట యాక్టివా హాయిగా పడుతుంది, దాని పొడవు 1.83 మీటర్లే. క్లాసిక్ 350 బుల్లెట్ 2.145 మీటర్లు, దాని తోక దారిలోకి వస్తుంది. బుల్లెట్లను షెడ్డు చివరి వరుసలో, గోడవైపు ముందు చక్రం ఆనించి ఏటవాలుగా పెడితే ఎవరికీ అడ్డం ఉండదు. సైడ్ స్టాండ్ మీద పెడితే బండి ఎడమకు వాలి అడుగు చోటు అదనంగా తింటుంది, వరుసలో ఒకటి పడితే పేకముక్కల్లా అన్నీ పడతాయి. సెంటర్ స్టాండే వేయండి. హ్యాండిల్ లాక్ వేస్తే దొంగకు కష్టం, కానీ ఫైరింజన్ వచ్చినప్పుడు పక్కకు జరపడానికీ కష్టమే. కాబట్టి లాక్ వేసే బండి ఎప్పుడూ గీతల లోపలే ఉండాలి.

ఎక్కడ పెట్టకూడదో చెప్పడానికి బోర్డు ఉండాల్సిన పనిలేదు. మలుపులో, ఫుట్‌పాత్ మీద, బస్‌స్టాపులో, ఇప్పటికే ఆగిన బండి పక్కన రెండో వరుసగా పెట్టడం రోడ్డు నియమాల ప్రకారమే తప్పు. దానికి క్యాంపస్ నివాసులు ఇంకో నాలుగు కలుపుకోవాలి. మెస్ వెనక గ్యాస్ సిలిండర్ల బండి వచ్చే దారి, ట్రాన్స్‌ఫార్మర్ కంచె, నీళ్ల సంపు మూత, హాస్టల్ మెట్ల ముందు అంబులెన్సు ఆగే జాగా. సంపు మూత మీద కారు పెట్టి ఊరెళ్లినవాళ్ల మూలంగా హాస్టల్ మొత్తం ట్యాంకర్ నీళ్లు లేకుండా గడపాల్సి వస్తుంది. వికలాంగులకు కేటాయించిన గడి 3.6 మీటర్ల వెడల్పు ఉండేది చక్రాల కుర్చీ దించుకోవడానికి. "ఎవరూ లేరు కదా, ఐదు నిమిషాలే" అనేవాళ్లకు ఆ చోటు ఖాళీగా ఉండటమే దాని పని అని తెలియదు.

చెట్టు నీడ మోజు కూడా కాస్త తగ్గించుకోవాలి. నిద్రగన్నేరు, తురాయి కొమ్మలు పెళుసు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే ముందు విరిగేవి అవే. వేప నయం. గాలివానకు కొమ్మ పడితే సొంత నష్టం భాగం ఉన్న పాలసీలో డబ్బులొస్తాయి, థర్డ్ పార్టీలో రూపాయి రాదు. పల్లంలో ఉన్న సెల్లార్లలో ఆగస్టు, సెప్టెంబరు వానలకు నీళ్లు నిలుస్తాయి. సైలెన్సర్ మునిగిన బండిని పొరపాటున కూడా స్టార్ట్ చేయొద్దు. నీళ్లు ఇంజన్లోకి లాక్కుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అలా స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కు ప్రత్యేక యాడ్ఆన్ లేకపోతే బీమా కంపెనీ సాధారణంగా చేతులెత్తేస్తుంది. తోసుకెళ్లి మెకానిక్‌కు అప్పగించండి.

చుట్టాలొస్తే విజిటర్ పాస్ గేటు దగ్గరే రాయించాలి. అది పగటికే. రాత్రి ఉండేట్టయితే వార్డెన్‌కో ఎస్టేట్ విభాగానికో ముందురోజే నంబరు చెప్పి ఉంచండి. క్వార్టర్లో ఫంక్షన్ ఉంటే ఎన్ని కార్లు వస్తాయో ఒక కాగితం మీద రాసి సెక్యూరిటీకిస్తే, వాళ్లే ఏ గ్రౌండ్లో పెట్టాలో చూపిస్తారు. చెప్పకుండా యాభైమందిని పిలిచి, తర్వాత గార్డుతో గొడవపడటం చదువుకున్నవాళ్లు చేయాల్సిన పని కాదు.

ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లు రెండో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీస్తున్నారు. స్కూటర్ ఛార్జరు చిన్నదే, ఐరన్ బాక్సు కంటే తక్కువే లాగుతుంది. కానీ ఐరన్ బాక్సు పది నిమిషాలు, ఛార్జరు నాలుగైదు గంటలు. సన్నటి వైరు అంతసేపు వేడెక్కి, చుట్ట చుట్టిన చోట కరుగుతుంది, దానిమీద వాన పడితే చెప్పనక్కర్లేదు. బ్యాటరీ ఊడదీసుకునే మోడల్ అయితే గదిలో మంచం కింద పెట్టి నిద్రపోవడం ఇంకా ప్రమాదం. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్లు కింద షెడ్డులో పెట్టించమని పదిమంది కలిసి దరఖాస్తు ఇవ్వండి. సబ్ మీటర్ పెట్టి బిల్లు పంచుకుంటామని అందులోనే రాస్తే ఇంజనీరింగ్ విభాగం కాదనడం కష్టం.

తాళం పడితే, బండి పోతే

చక్రానికి తాళం పడితే దాన్ని విరగ్గొట్టడం, బండి లాగడం చేయకండి. రిమ్ పోతుంది, తాళం ఖరీదు కూడా మీ లెక్కలోనే వేస్తారు. అతికించిన చీటీ, బండి ఆగిన చోటు, దగ్గర్లో నో పార్కింగ్ బోర్డు ఉందో లేదో తెలిసేట్టు ఫోటోలు తీసుకోండి. జరిమానా ఎస్‌బీఐ కలెక్ట్ లాంటి ఆన్‌లైన్ పద్ధతిలో కట్టి, రసీదు నంబరు దాచుకోండి. చేతిలో డబ్బు పెట్టి తాళం తీయించుకుంటే రికార్డులో ఆ జరిమానా అలాగే ఉండిపోయి, రెండేళ్ల తర్వాత బాకీల్లేవని నో డ్యూస్ కాగితం తీసుకునే రోజు బయటపడుతుంది. అన్యాయంగా వేశారనిపిస్తే ముందు కట్టి, ఆ తర్వాత ఫోటోలతో రాతపూర్వకంగా అడగండి. గార్డుతో వాదించి లాభం లేదు, వేయమన్నది అతను కాదు, తీసే అధికారమూ అతనిది కాదు.

"ఓనర్ల బాధ్యతపైనే పార్కింగ్" అనే బోర్డు ప్రతి షెడ్డుకూ ఉంటుంది. 2019 నవంబరులో తాజ్‌మహల్ హోటల్లో కారు పోయిన కేసులో సుప్రీంకోర్టు అలాంటి మాట చీటీ మీద రాసినంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదని చెప్పింది. కానీ అక్కడ తాళంచెవి, కారు హోటల్ మనిషి చేతికిచ్చారు. హాస్టల్ షెడ్డులో తాళంచెవి మీ జేబులోనే ఉంటుంది, బండిని ఎవరికీ అప్పగించలేదు. ఆ తీర్పును చేతపట్టుకొని వార్డెన్ దగ్గరకు వెళ్లేముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

బండి పోయిందని తెలిసిన రోజే మూడు పనులు జరగాలి. సెక్యూరిటీ ఆఫీసులో రాసివ్వడం, పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్, బీమా కంపెనీకి సమాచారం. సీసీ కెమెరాల రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి, ఏ తేదీ ఏ గంటల మధ్యదో రాసి, దాచిపెట్టమని అడగండి. బీమా కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. రెండోది పారేసుకున్నవాళ్లు ఇప్పుడే ఆ సంగతి ఫిర్యాదు చేసి కాగితం తీసుకోవడం మంచిది, బండి పోయాక చెబితే ఎవరూ నమ్మరు.

వదిలేసిన బండ్లు

ఏ హాస్టల్ షెడ్డయినా చూడండి, మూల వరుసలో గాలి దిగిపోయి, సీటు కోతులు చింపేసి, దుమ్ములో నంబరు కూడా కనబడని బండ్లుంటాయి. చదువైపోయినవాళ్లవి. షెడ్డులో చోటు లేదనే మాటకు సగం కారణం ఇవే. వార్డెన్ వాటిని పాత ఇనుముకు అమ్మేయలేరు, ఓనరు ఉన్న ఆస్తి అది. ముందు నంబర్ల జాబితా గోడకు అంటించి, బండికి తేదీ వేసిన చీటీ కట్టి, గడువు తీరాక పోలీసులకు అప్పగించాలి. నగరంలో పోలీసులు ఇలాంటి దిక్కులేని బండ్ల జాబితా ప్రకటించి, ఆరు నెలల్లో ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. దీనికి ఆధారంగా ఇప్పటికీ చూపేది నిజాం కాలపు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టాన్ని. దాని మీద ఏడాది కూడా నిజాం కాలపు లెక్కలో, 1348 ఫసలీ అనే ఉంటుంది.

వేసవి సెలవులకు ఊరెళ్లేవాళ్ల బండి ఈ జాబితాలోకి పోకుండా ఉండాలంటే పేరు, గది, ఫోను, తిరిగొచ్చే తేదీ రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి హ్యాండిల్‌కు కట్టి, ఒక కాపీ హాస్టల్ ఆఫీసులో ఇవ్వండి. సెంటర్ స్టాండ్ వేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, టైర్లలో గాలి నిండుగా కొట్టించి వెళ్లండి. కవరు కప్పేట్టయితే నంబరు కనబడేలా కట్టండి. కారు బానెట్ కింద ఎలుకలు గూడు కట్టి వైర్లు కొరుకుతాయి, తిరిగొచ్చాక స్టార్ట్ చేసేముందు బానెట్ ఎత్తి చూడటం మరవద్దు.

వెళ్లేటప్పుడు

గది ఖాళీ చేసే వారంలో స్టిక్కర్ తిరిగివ్వాలి. అద్దం మీదిదైతే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే వస్తుంది. ముక్కలైనా సరే, సీరియల్ నంబరున్న ముక్క తెల్లకాగితానికి అంటించి ఇచ్చి రసీదు అడగండి. బండి జూనియర్‌కు అమ్ముతుంటే స్టిక్కర్‌తో కలిపి అమ్మకండి. ఆ పిల్లవాడు ఎక్కడ తప్పుగా పెట్టినా చీటీ మీ పేరున వస్తుంది. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి చేతికిచ్చేస్తే సరిపోదు, పేరు మారిందో లేదో మీరే యాప్‌లో చూసుకోవాలి. మారేదాకా చలాన్లు, ప్రమాదాల కేసులు రికార్డులో ఉన్న ఓనరు దగ్గరకే వస్తాయి.

రైల్లో తీసుకెళ్లేట్టయితే సికింద్రాబాద్ లేదా కాచిగూడ పార్సిల్ ఆఫీసుకు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు జిరాక్సులతో వెళ్లాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు. అక్కడికెళ్లాక తీయడానికి తంటాలు పడే బదులు, స్టేషన్ దాకా సరిపడా మాత్రమే ఉంచుకొని బయల్దేరండి. లైట్లు, అద్దాలు విరక్కుండా ప్యాకింగ్ చేసేవాళ్లు స్టేషన్ బయటే ఉంటారు. గోనెపట్టా, గడ్డి చుట్టి, నంబరు, చేరే స్టేషన్ అట్టముక్క మీద రాసి కడతారు. అద్దాలు మీరే ముందు విప్పి బ్యాగులో వేసుకోండి.